తుమ్మచెట్టు దాకా పారిన నీళ్లు

వనపర్తిలో నాకు పెళ్లిపత్రికలు, ఫ్లెక్సీలు చేసిచ్చే దుకాణం ఉంది. దుకాణం అనగానే ఏవేవో ఊహించుకోవద్దు. లోపల నేను గట్టిగా తుమ్మితే బయట బోర్డు ఊగుతుంది. ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, ఆ రెండింటి నడుమ ఇరుక్కున్న యాభై ఏళ్ల నేను. ఆ ఇరుకులో కూర్చునే ఇరవై ఏళ్లుగా ఈ చుట్టుపక్కల ఊళ్లవాళ్లందరినీ గొప్పవాళ్లను చేశాను. ఇంటి అరుగు దిగని మనిషిని ఫ్లెక్సీ మీద సింహం పక్కన నిలబెట్టాను. పెళ్లికూతురు తరఫున పదిమంది కూడా రారని తెలిసీ 'బంధుమిత్ర సపరివార సమేతంగా' అని బంగారు అక్షరాలు పోశాను. గోరంతలు కొండంతలు చేయడం కొందరికి దురలవాటు, నాకు వృత్తి. అలవాటు ముదిరి వృత్తి అయిందో, వృత్తి ముదిరి అలవాటయిందో ఇప్పుడు తేల్చి చెప్పలేను.

నిరుటి చలికాలంలో మూఢం వచ్చింది. మూఢంలో ముహూర్తాలుండవు, ముహూర్తాలు లేకపోతే నాకు పని ఉండదు. ఈగలు తోలుకుందామన్నా ఈగలు లేవు, అవన్నీ పక్కనున్న మిఠాయి దుకాణానికి తరలిపోయాయి. ఒక మధ్యాహ్నం ఎరువుల దుకాణం వాళ్లు ఫ్లెక్సీ కావాలన్నారు. దాని మీదికి ఎద్దుల జత బొమ్మ వెతుకుతుంటే తెర మూలన ఒక చిన్న డబ్బా కనిపించింది. ఎర్ర పెంకుల ఇల్లు, పచ్చటి చేను, పండ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్న ఒక ఆవు. ఉచితం, ఏదీ దించుకునే పని లేదు, నొక్కితే చాలు అని రాసి ఉంది. ఆవు అంతగా నవ్వుతుంటే మనిషన్నవాడు నొక్కకుండా ఎట్లా ఉంటాడు?

అది సేద్యం ఆట. మొదట ఒక్క మడి గోధుమ ఇస్తారు. నొక్కితే కోత. పది కోతలకు ఒక కోడి, కోడి తర్వాత ఆవు, ఆవు తర్వాత గుమ్మడి తోట. కాస్త ఎదిగాక టోపీ పెట్టుకున్న జీతగాడు ఒకడు వస్తాడు. వాడు వచ్చాక మనం నొక్కే పని కూడా లేదు. విత్తడం, కోయడం, గంపలకెత్తడం అన్నీ వాడే. కంప్యూటరు కట్టేసి ఇంటికి పోయి తిని పడుకుని తెల్లారి వచ్చి తెరిస్తే, 'స్వాగతం! మీరు లేనప్పుడు ఇంత పండింది' అని ఒక పెద్ద అంకె చూపిస్తుంది. ఆ అంకె పక్కన సున్నాలు చూస్తే కళ్లు తిరుగుతాయి. మొదటి వారంలోనే నా గుమ్మడికాయలు భూమ్మీది మనుషుల లెక్కను దాటిపోయాయి. నా జన్మలో నాకంటే పెద్ద కోతలు కోసేవాణ్ణి చూడలేదు. అక్కడ చూశాను, సాష్టాంగపడ్డాను.

సరిగ్గా ఆ రోజుల్లోనే అక్క కంటి ఆపరేషన్ కుదిరింది.

అక్క నాకంటే పదకొండేళ్లు పెద్ద. ఖిల్లా ఘణపూర్ దగ్గరి పల్లెలో ఉంటుంది. బావ పోయి ఆరేళ్లయింది. రెండున్నర ఎకరాల ఎర్రచెలక, సన్నగా నీళ్లు పోసే ఒక బోరు, ఏటా చలికాలంలో పల్లి పంట. అంతా ఆమె ఒక్కతే. కుడికంట్లో పొర వచ్చి రెండేళ్లు దాటింది. ఆపరేషన్ అంటే చాలు, పంట చేతికొచ్చినంక చూద్దామనేది. పంట వస్తే దున్నకం, దున్నకం అయితే విత్తనం. ఎడమ కన్ను కూడా మసకబారుతుంటే గద్వాలలో ఉన్న మేనకోడలు ఏడ్చి పోరుపెట్టింది. ఆపరేషన్ అయ్యాక మూడు వారాలు వంగకూడదు, దుమ్ము తగలకూడదు, బరువెత్తకూడదు. అన్నీ విని అక్క అడిగింది ఒక్కటే మాట.

"మరి చేను ఎవలు సూస్తరు?"

"నేను లేనా?" అన్నాను. ఇంటి నడుమ నిలబడి, ఛాతీ మీద చెయ్యి కొట్టుకుని మరీ అన్నాను.

అక్క చాలాసేపు నా వైపు చూసింది. కనబడే కంటితో చూసిందో, కనబడని దానితో చూసిందో తెలియదు. చివరికి సరేనంది. నా మాట పట్టుకునే ఒప్పుకుంది, అది నాకూ తెలుసు, మేనకోడలికీ తెలుసు.

ఆపరేషన్‌కు గద్వాల పోయే ముందురోజు నన్ను చేనంతా తిప్పింది. పల్లి సేద్యం తెలియనివాళ్లకు ఒక మాట చెప్పాలి. పల్లి పువ్వు పైన పూస్తుంది, కాయ మాత్రం భూమిలో కాస్తుంది. పువ్వు రాలిన చోటు నుంచి సూదిలాంటి ఊడ ఒకటి కిందికి దిగి మట్టిలో గుచ్చుకుంటుంది. ఆ కొన కాయ అవుతుంది. ఊడ దిగే పదిహేను ఇరవై రోజులు మట్టి మెత్తగా ఉండాలి. ఎండి గట్టిపడితే ఊడ మట్టిలోకి పోలేక గాలిలోనే ఎండిపోతుంది. చెట్టు పైకి పచ్చగానే ఉంటుంది, కింద ఏమీ ఉండదు. సరిగ్గా ఆ ఇరవై రోజులే అక్క ఉండదు.

నీళ్లకు స్ప్రింక్లర్లు ఉన్నాయి, గిరగిరా తిరుగుతూ వాన చిమ్మే గొట్టాలు. కానీ అవి ఉన్నచోటనే తిరుగుతాయి. ఒక చోట తడిశాక మోటరు బంద్ చేసి, క్లాంపులు విప్పి, పైపులు ఒక్కొక్కటీ ఎత్తుకుని ముప్పై అడుగులు ముందుకు మార్చి మళ్లీ బిగించాలి. అక్క బోరుకు రోజుకు రెండు చోట్లు తడిస్తే గొప్ప. చేనంతా ఏడు చోట్లు. ప్రతి చోటుకూ ఆమె దగ్గర ఒక గుర్తుంది. బోరు, మోదుగు, పుట్ట, బండ, పాత బాట, తుమ్మచెట్టు, చివరి గట్టు. నాలుగు రోజులకు ఒక చుట్టు తిరిగి మళ్లీ బోరు కాడికి రావాలి.

స్టార్టర్ డబ్బా దగ్గర ఆగి ఇంకొకటి చెప్పింది. దానికి ఆటో అనే మీట ఉంది. అది వేస్తే కరెంటు పోయి వచ్చినా మోటరు దానంతటదే నడుస్తుంది.

"దీన్ని ఆటోల పెట్టకు తమ్మీ. మనిషి లేనికాడ నీళ్లు పారొద్దు."

అట్లాగేనన్నాను. నేను అట్లాగే అనని మాట ఈ భూమ్మీద లేదు.

మొదటి నాలుగు రోజులు నేను చేసిన సేద్యం మామూలుది కాదు. తెల్లవారుజామున బండి మీద వనపర్తి నుంచి బయల్దేరితే చలికి నా మూతి తిరిగి నా మూతిగా మారేసరికి ఎనిమిదయ్యేది. పైపు ఒక్కొక్కటి ఇరవై అడుగులు. లోపల మిగిలిన నీళ్లన్నీ నేను ఎత్తే క్షణం కోసమే కాచుకుని సరిగ్గా నా మెడలో పడేవి. బురదలో ఒక చెప్పు దిగిపోయింది, రెండోదాన్ని దానికి తోడుగా నేనే వదిలేశాను. నడుము సంగతి చెప్పను. అయినా నాలుగు రోజులకు ఏడు చోట్లూ తడిశాయి. పక్క చేను చిచ్చా గట్టు మీద నిలబడి చూసి మెచ్చుకున్నాడు. ఆయన అరవై అయిదేళ్ల పెద్దమనిషి. ఊరంతా చిచ్చా అనే పిలుస్తుంది, అక్క మాత్రం అన్నా అంటుంది. బావ పోయిన ఏడాది ఆమె చేను తన గుంటకతో తోలిచ్చింది ఆయనే.

మధ్యాహ్నం మేనకోడలు అక్క కంట్లో చుక్కలు వేసి పడుకోబెట్టి నాకు ఫోన్ కలిపేది. కన్ను మూసుకునే అక్క అడిగేది.

"చెప్పరా, నీళ్లు ఏడికొచ్చినయ్?"

ఇక చూడండి నా ప్రతాపం. పుట్ట దాటాయి అని ఒక్క ముక్కలో చెబితే సరిపోయేదానికి నేను అరగంట చెప్పేవాణ్ణి. పుట్టలోంచి పాము తల ఎత్తి, స్ప్రింక్లరు వాన మీద పడగానే ఆషాఢం వచ్చిందనుకుని పరుగు తీసిందనేవాణ్ణి. ఏడు నెమళ్లు వరసగా నిలబడి స్నానం చేస్తున్నాయనేవాణ్ణి. నిజానికి వచ్చింది ఒక్క నెమలి, అది కూడా నన్ను చూసి మొహం తిప్పుకుని పోయింది. అక్క నవ్వేది. నవ్వితే కంటికి మంచిది కాదని మేనకోడలు పక్కనుంచి కోప్పడేది. అక్క నవ్వు ఆపుకుని, మళ్లా ఏమైంది అని అడిగేది. చిన్నప్పుడు నన్ను చంకనేసుకుని చేన్లకు పోయిన మనిషి, నా ముక్కు చీమిడి తుడిచిన మనిషి, ఇన్నేళ్లకు నా నోటితో తన చేను చూసుకుంటోంది. నాకు అంతటి శ్రోత ఎప్పుడూ దొరకలేదు. నేను ఏం చెప్పినా ఇంట్లో నా భార్య మూడో వంతు తీసుకుంటుంది, దుకాణానికి వచ్చేవాళ్లు పదో వంతు. అక్క మొత్తం తీసుకునేది.

అయిదో రోజు రెండో చుట్టు మొదలు. బోరు దగ్గర తడిపి, పైపులు మోదుగు దగ్గరికి మార్చి, అది తడిసేదాకా చేసే పని లేక గట్టు మీద కూర్చుని ఫోన్‌లో ఆట తెరిచాను. దుకాణంలోని చేనే అందులోనూ వస్తుంది. ఆ వారం అక్కడ ఏదో కోతల జాతర. మూడు గంటలకొకసారి వచ్చి బంగారు గంపలు ఏరుకోవాలి, ఏరుకోకపోతే మాయమైపోతాయి. ఏరుకుంటూ కూర్చున్నాను. తలెత్తేసరికి ఎండ వాలింది. మోదుగు దగ్గర నీళ్లు నిలిచి, కాలు పెడితే మడమ దాకా దిగుతోంది. ఇప్పుడు పైపులు విప్పాలంటే ఆ బురదలో దిగాలి. నడుము వద్దంది. రేపు పొద్దున్నే మారుస్తానని దానికి నచ్చజెప్పి బయల్దేరాను.

దారిలో అక్క ఫోన్. నీళ్లు ఏడికొచ్చినయ్?

"పుట్ట కాడ నడుస్తున్నయ్," అన్నాను.

రేపు పొద్దున ఎట్లాగూ మార్చేదే కదా, ఒక పూట ముందు చెబితే ఏమవుతుంది అనుకున్నాను. మర్నాడు దుకాణం తాళం తీసి, ఒక్కసారి గంపలు ఏరుకుని పోదామని తెర ముందు కూర్చున్నాను. పదకొండయింది. చేను చేరేసరికి పన్నెండు. మోదుగు దగ్గర బురద ఇంకా ఆరలేదు. అప్పుడే నాకు ఆ గొప్ప ఆలోచన వచ్చింది. ఇంత పెద్ద చేతకానితనాన్ని నా బుర్ర ఆలోచన అని పిలవడం కూడా అతిశయోక్తే. ఆటలో జీతగాడు వచ్చాక నేను నొక్కడం మానేశాను, పంట ఆగిందా? ఇక్కడ స్టార్టరుకు ఆటో ఉంది కదా? మీట వేశాను. మోటరు తనంతట తాను ఆగి, తనంతట తాను మొదలై, చల్లగా నీళ్లు చిమ్ముతోంది. రోడ్డు మీది నుంచి చూస్తే స్ప్రింక్లర్లు తిరుగుతూ, ఎండలో ఇంద్రధనుస్సు వేస్తూ, ఎరువుల దుకాణం ఫ్లెక్సీ మీద వేసుకోదగ్గ బొమ్మ. నీళ్లు పారుతున్నాయన్నది పచ్చి నిజం. ఎక్కడ పారుతున్నాయన్నదే నేను చూడదలుచుకోలేదు.

ఆ రోజు అక్కకు బండ దాటాయని చెప్పాను. మర్నాడు పాత బాట, తుమ్మచెట్టు. ఆ మర్నాడు చివరి గట్టు. పైపులు మాత్రం మోదుగు కాడనే ఉన్నాయి. నీళ్లకంటే నా మాట రోజుకు రెండు చోట్లు ముందు పారింది. ఏ రోజుకా రోజు పోయి మార్చాలనే అనుకున్నాను. కానీ ఇప్పుడు మార్చాలంటే ఒక చోటు కాదు, నా నోరు ఎక్కడిదాకా పోయిందో అక్కడిదాకా మార్చాలి. అయిదు చోట్ల పని ఒక్క రోజులో ఏ బోరూ చేయదు. అబద్ధం ఆడినవాడికి అబద్ధం తప్పు అనిపించదు, దాన్ని అందుకోలేకపోవడం భయమనిపిస్తుంది. ఆ భయంతో పొద్దున బండి తీసి ఘణపూర్ దారి పట్టేవాణ్ణి. రోడ్డు మీద నుంచే చూసేవాణ్ణి, తిరుగుతున్నాయి. తిరిగి వచ్చేసేవాణ్ణి. ఆట తెరిస్తే ఎంత హాయిగా ఉండేదో చెప్పలేను. 'మీరు లేనప్పుడు ఇంత పండింది.' ఆ ఒక్క మాట వినడానికి రోజుకు ఇరవైసార్లు తెరిచేవాణ్ణి.

ఒకరోజు రోడ్డు మీద చిచ్చా ఎదురయ్యాడు. ఆత్మకూరులో బిడ్డ దగ్గరికి పోతూ బస్సు కోసం నిలబడ్డాడు.

"పైపులు గుంజుతున్నవు గద బేటా?"

"అంత ఆటో చిచ్చా," అన్నాను.

ఆయన ఏదో అనబోయాడు. బస్సు వచ్చింది, ఎక్కి పోయాడు. ఆయన ఇంకొంచెంసేపు నిలబడి ఉంటే అని నేను ఆ తర్వాత చాలాసార్లు అనుకున్నాను. బస్సు మీద తప్పు తోసేంత దూరం కూడా పోయాను.

పైపులు మోదుగు కాడ ఆగిపోయి పన్నెండు రోజులు గడిచాయి. అక్క ఫోన్‌లో ఆ పన్నెండు రోజుల్లో చేను మూడుసార్లు తడిసింది. ఒకసారి తుమ్మచెట్టు కింద ఊడలు ఎంత జోరుగా దిగుతున్నాయంటే చెవి పెట్టి వింటే భూమిలో చప్పుడు వినిపిస్తోందని చెప్పాను. అక్క నవ్వలేదు. "దేవుడు చల్లగ చూడాలె నిన్ను," అంది. ఫోన్ పెట్టేశాక నేను గంటసేపు ఆట కూడా తెరవలేదు.

పదమూడో రోజు చిచ్చా ఆత్మకూరు నుంచి తిరిగొచ్చి నాకు ఫోన్ చేశాడు. రమ్మన్నాడు, అంతే. పోయేసరికి ఆయన నా మోటరు బంద్ చేసి, లుంగీ ఎగ్గట్టి బురదలో నిలబడి క్లాంపులు విప్పుతున్నాడు. నేనూ దిగాను. మోదుగు దగ్గర చెట్లు మోకాలెత్తు పెరిగి, అడుగున కాండాలు నల్లగా కుళ్లి, చెయ్యి వేస్తే ఊడి వస్తున్నాయి. పుట్ట నుంచి చివరి గట్టు దాకా నేల పెంకులా ఎండి, కాలి కింద పగులుతోంది. చిచ్చా తుమ్మచెట్టు దగ్గర ఒక మొక్క పీకి నాకు చూపించాడు. ఊడలు గాలిలో వేలాడుతున్నాయి, ఎండిపోయిన దారప్పోగుల్లా.

ఆ తర్వాత నాలుగు రోజులు మేమిద్దరం పైపులు మోశాం. అన్ని చోట్లా తడిపాం. నాకు ఆశ ఉండేది. ఆటలో ఒక వెసులుబాటుంది. చేను నచ్చకపోతే మొత్తం తుడిచేసి, మొదటి మడి నుంచి మళ్లీ మొదలుపెట్టవచ్చు, రెండోసారి ఇంకా తొందరగా పండుతుంది. ఆ మాట పైకి అనలేదు గానీ, ఇప్పుడు తడిపితే కొత్త ఊడలు దిగవా అని చిచ్చాను అడిగాను.

"కొన్ని దిగుతయ్," అన్నాడు. "పోయిన పూత ఏడికెల్లి తెస్తవు?"

అప్పుడు ఆయన ముందు నా దుకాణం తెరిచాను. బోరు నీళ్లు పోయలేదని చెబుదామన్నాను. కాదంటే అడవిపందులు. కాదంటే ఏదో తెగులు, పేరు నేను పెడతాను. మీరు పక్కన నిలబడి అవునంటే చాలు చిచ్చా అన్నాను. ఆయన పైపు కింద పెట్టి, చేతులు కడుక్కుని, తుడుచుకున్నాడు.

"ఆమె కండ్లు చేపిచ్చుకొని వస్తున్నది బేటా. నేను ఆమె ముంగట నిలవడి గట్లెట్ల చెప్త?"

మూడు వారాలయ్యాక డాక్టరు చూసి, కన్ను బాగా పనిచేస్తోందన్నాడట. ఇంకొక నెల దాకా వంగవద్దు, బరువెత్తవద్దు, నల్లద్దాలు తీయవద్దు. అక్క గద్వాల నుంచి వనపర్తికి బస్సులో వచ్చింది. నల్లద్దాల్లో ఏదో పోలీసు అధికారిలా దిగింది. బస్‌స్టాండు గోడల మీది రాతలన్నీ నాకు చదివి వినిపించింది. ఎదురుగా కట్టిన ఫ్లెక్సీ చూసి, ఇది నువ్వు చేసిందేనా, ఈయన పక్కన పులి ఎందుకుందిరా అని అడిగింది. ఇంటికి పోయి అన్నం తిందామంటే వినలేదు. ముందు చేనుకే పోవాలంది. ఆటో మాట్లాడుకుని బయల్దేరాం. దారి పొడుగునా అవతలివాళ్ల పంటలు చూస్తూ, ఇది బాగుంది, ఇది మందు ఎక్కువైంది అంటూ కూర్చుంది. నా నోట్లో మూడు కథలున్నాయి. ఒక్కొక్కటీ ఫ్లెక్సీ అంత వెడల్పు. ఒక్కటీ బయటికి రావడంలేదు.

బోరు దగ్గర ఆగి చూసింది, గొట్టం కీలు కారిన తడికి అక్కడ పంట మామూలుగానే ఉంది. మోదుగు దగ్గరికి వచ్చి నిలబడింది. చెట్ల ఎత్తు చూసింది, రంగు చూసింది. పుట్ట, బండ, పాత బాట, గట్టు వెంబడి నడుస్తూనే ఉంది. తుమ్మచెట్టు దగ్గర ఆగి నన్ను ఒక మొక్క పీకమంది, తను వంగకూడదు కాబట్టి. పీకి ఇచ్చాను. మట్టి దులిపి, నల్లద్దాలకు దగ్గరగా పెట్టుకుని, ఊడలు ఒక్కొక్కటీ వేలితో తడిమింది.

"తుమ్మచెట్టు కాడికొచ్చినయ్ అంటివి గద తమ్మీ."

చిచ్చా తన గట్టు మీద అటు తిరిగి నిలబడ్డాడు.

"రాలేదక్కా," అన్నాను.

"ఎన్నొద్దులు?"

"పన్నెండు రోజులు."

"ఏం చేసినవు మరి అన్నొద్దులు?"

"ఆట ఆడిన."

పత్తాలా అని అడిగింది, పేకాట అనుకుని. కాదు, ఫోన్‌లో అన్నాను. ఏం ఆట అంది. ఎవుసం ఆట అన్నాను. చూపియ్యి అంది.

అంతకంటే ఆమె చెయ్యెత్తి కొట్టి ఉంటే బాగుండేది. ఫోన్ తీసి తెరిచి ఇచ్చాను. స్వాగతం, మీరు లేనప్పుడు ఇంత పండింది అని అది యథాప్రకారం మొదలుపెట్టింది. అక్క నల్లద్దాలు కొంచెం కిందికి జరిపి, కొత్త కంటితో ఆ పచ్చటి చేను శ్రద్ధగా చూసింది. ఎర్ర పెంకుల ఇల్లు చూసింది. గుమ్మడి తోట చూసింది.

"మంచిగనే పండిచ్చినవు," అంది. "దీంట్ల నీళ్లు ఎవలు కడుతరు?"

"ఎవలు కట్టరు. దానంతటదే."

"పందులు రావా?"

"రావు."

"మరి నీకేం పని ఉంటది?"

"చూసుడే అక్కా."

ఆమె ఇంకొకసారి చూసి, ఫోన్ నాకిచ్చింది. కొంగుతో చేతి మట్టి తుడుచుకుని, చిచ్చాను పిలిచి బిడ్డ ఎట్లుంది, ఆత్మకూరులో అందరూ బాగున్నారా అని అడిగింది. అదీ ఆమె నాతో పంచాయితీ పెట్టిన తీరు. అరవలేదు, ఏడవలేదు, ఆ తర్వాత ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు. ఊళ్లో ఎవరు అడిగినా, ఈసారి బోరు నీళ్లు పోయలేదు అని చెప్పింది. నేను చిచ్చా చేత చెప్పించాలనుకున్న అబద్ధాన్ని ఆమె నా కోసం తనే తయారుచేసుకుంది. పుట్టి బుద్ధెరిగాక ఆమె నోట నేను విన్న మొదటి అబద్ధం అదే. అంత కొత్తగా, అంత బెదురుగా చెబుతుంటే పక్కన నిలబడి వినాల్సి వచ్చింది నాకు. నేను చెప్పి ఉంటే ఊరు నమ్మేది కాదు. ఆమె చెప్పింది గనక బోరు మీద జాలిపడ్డారు.

పీకేటప్పుడు పంట మూడో వంతు కూడా రాలేదు. కూలికి వచ్చిన ఆడవాళ్లు మొక్క పీకి, దులిపి, కింద ఏమీ లేకపోతే నా వైపు చూసి పక్కన పారేసేవాళ్లు. పశువులకు మేత బాగా దొరికిందని ఒకామె అంది. అక్క ఏటా తన విత్తనం తనే తీసి దాచుకుంటుంది. ఈసారి గింజలు ముడుచుకుపోయి విత్తనానికి పనికిరాలేదు. చిచ్చా ఇంటి నుంచి బదులు తెచ్చుకుంది. ముప్పై ఏళ్లలో ఆమె ఇంకొకరి విత్తనం వేయడం అదే మొదలు.

నేను ఆట తీసేశానా అని మీరడగవచ్చు. తీసేయడానికి అదేమైనా ఎక్కించుకున్నదా? నేను తెరవడం మానేశాను. నేను తెరవకపోయినా అది పండుతూనే ఉంటుంది. ఇప్పటికి ఆ సున్నాలు రాయడానికి ఘణపూర్ నుంచి నాగర్‌కర్నూల్ దాకా ఫ్లెక్సీ బట్ట పరచాలి.

ఈ చలికాలం ఎడమ కంటికి ఆపరేషన్ అయింది. అక్క మళ్లీ గద్వాలలో ఉంది. ఈసారి నేను లేనా అని ఛాతీ కొట్టుకోలేదు. ఆమె కూడా నన్ను అడగలేదు. మేనకోడలు చిచ్చాను అడుగుతుంటే విని నేనే బయల్దేరి వచ్చాను. స్టార్టరు డబ్బాకు తాళం వేసి ఉంది. తాళంచెవి చిచ్చా దగ్గర. రోజూ ఆయన వచ్చి తీస్తాడు, నేను పైపులు మారుస్తాను. దుకాణం మధ్యాహ్నం తర్వాత తెరుస్తున్నాను. మెడలో నీళ్లు పడుతూనే ఉన్నాయి. అవి పోయినేటికంటే చల్లగా ఉన్నాయో లేదో, ఉన్నదున్నట్టు చెప్పాలంటే నాకు తెలియదు.

నిన్న మధ్యాహ్నం నేనే ఫోన్ చేశాను. చుక్కలు వేసుకున్నావా అక్కా అని అడిగాను. వేసుకున్నానంది. నీళ్లు పాత బాట దగ్గర నడుస్తున్నాయని, పొద్దున బండ దగ్గర అయిపోయిందని, రేపటికి తుమ్మచెట్టు అని చెప్పాను. నెమళ్లు లేవు, పాము లేదు. నిజం ఇంత పొట్టిగా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. అక్క మంచిది తమ్మీ అంది. ఆ గొంతులో కోపం లేదు, ఎగతాళి లేదు. నా ఆరోగ్యం అడిగింది, చలికి చెవులకు గుడ్డ కట్టుకోమంది. ఆ తర్వాత మెల్లగా, నాకు నొప్పి కలుగుతుందేమోనన్న జాగ్రత్తతో అడిగింది.

"అన్న ఉన్నడా ఆడ? జర ఫోను అన్నకియ్యి."

ఇచ్చాను. చిచ్చా నా మొహం చూడకుండా ఫోన్ అందుకుని, చేను వైపు నడిచి, నేను చెప్పిన మాటలే మళ్లీ మొదటి నుంచి చెప్పాడు. అటు అక్క ఏం అడుగుతుందో నాకు వినబడలేదు. ఆయన వంగి, మట్టి పిడికిట్లోకి తీసుకుని నలిపి, మెత్తగున్నది చెల్లె అన్నాడు.